కొమ్మెక్కలేకపోయిన నెమలి

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక నల్లమద్ది చెట్టు. ఆ చెట్టు పైకొమ్మల్లో ఒక నెమళ్ళ గుంపు కాపురం ఉండేది.

కాపురం అంటే గూళ్ళూ గుమ్మాలూ ఉంటాయనుకునేరు. నెమళ్ళకి అవేవీ ఉండవు. పగలంతా నేల మీద తిరుగుతాయి. పొద్దు వాలగానే ఎగిరి కొమ్మెక్కి పడుకుంటాయి. ఎందుకు ఎక్కుతాయి? చల్లగాలి కోసం కాదు. కింద చుక్కలయ్య తిరుగుతుంటాడు. చుక్కలయ్య అంటే వయసు మళ్ళి చెట్లెక్కడం మానుకున్న చిరుతపులి. చాలా మర్యాదస్థుడు. ఎవరినీ 'నువ్వు' అనడు. 'మీరు' అనే తింటాడు.

ఆ గుంపులో నీలాద్రి అనే మగనెమలి ఉండేవాడు. మెడ నిగనిగలాడే నీలం. అతను పింఛం విప్పితే పక్క చెట్టు మీది కోతులు కూడా గోక్కోవడం ఆపి చూసేవి. తను అందగాణ్ణని నీలాద్రికి బాగా తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే తనే వెళ్ళి చెప్పేవాడు. అతని భార్య పేరు తులసమ్మ. చూడ్డానికి సాదాసీదాగా ఉండేది. నోరు మాత్రం సాదాసీదా కాదు.

అడవి పక్కనే వేరుశనగ చేలు ఉండేవి. ఎండాకాలం మొదట్లో రైతులు చెట్లు పీకి కాయలు ఇళ్ళకి తోలుకుపోయారు. తెగిన కాయలు బోలెడు మట్టిలోనే మిగిలిపోయాయి. నెమళ్ళన్నీ వెళ్ళి తిన్నాయి. కడుపు నిండగానే తిరిగొచ్చేశాయి. నీలాద్రి మాత్రం కడుపు నిండాకే అసలు తిండి మొదలుపెట్టేవాడు.

"పాపం, వీటిని ఇలా వదిలేస్తే చీమలు తినేస్తాయి కదా!" అనేవాడు జాలిగా. చీమలకి ఒక్క గింజ మిగిల్చేవాడు కాదు.

ఇంకేముంది? పొట్ట పెరిగింది. పొట్ట కింద ఇంకో పొట్ట పెరిగింది. నడుస్తుంటే ముందు పొట్ట వచ్చేది, తర్వాత నీలాద్రి వచ్చేవాడు, ఆ తర్వాత పింఛం వచ్చేది.

ఒక సాయంత్రం నెమళ్ళన్నీ టపటపా రెక్కలు కొట్టుకుంటూ చెట్టెక్కేశాయి. నీలాద్రి కూడా ఎగిరాడు. మోకాలెత్తు లేచి దబ్బున పడ్డాడు. లేచి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. అందరూ చూశారు. రెండోసారి కాస్త పరుగెత్తి ఎగిరాడు. ఈసారి పొదలో పడ్డాడు. ఇక లాభం లేదని మూడోసారి చెట్టు కింద ఉన్న బండరాయి ఎక్కాడు. అక్కణ్ణుంచి ఊపిరి బిగబట్టి దూకి, అన్నిటికంటే కింద ఉన్న కొమ్మకి ముక్కుతో, కాళ్ళతో, రెక్కలతో వేలాడి, ఎలాగో పైకి పాకాడు.

అంతలో కింద పొదల్లోంచి దగ్గు వినిపించింది. చుక్కలయ్య వచ్చి కూర్చున్నాడు.

"ఏం నీలాద్రిగారూ, కింది అంతస్తులోకి మారారా?" అన్నాడు.

"మోకాలి నొప్పి" అన్నాడు నీలాద్రి.

"అయ్యో! తొందరేం లేదు. నేను ఆగగలను" అన్నాడు చుక్కలయ్య. తర్వాత ఆ కొమ్మ వైపు చూసి, "అది ఆగగలదా?" అన్నాడు.

ఆ రాత్రంతా కొమ్మ కిర్రుకిర్రుమంటూనే ఉంది. నీలాద్రి కన్ను మూయలేదు.

తెల్లారగానే తులసమ్మ దిగొచ్చింది.

"ఏమండీ, నాకు భర్త ఒక్కడే. వాణ్ణి చిరుతపులి తింటే మళ్ళీ నేను ఇంకో అందగాడి గొప్పలు మొదట్నించీ వినాలి. నా వల్ల కాదు. ఇవాళ్టి నుంచి సాయంత్రం వ్యాయామం చెయ్యండి. పొద్దు ఉండగానే ఆ రాయి మీంచి కింది కొమ్మకి ఎగరండి. దిగండి. మళ్ళీ ఎగరండి. తర్వాత ఏమీ తినకండి."

"చివరి మాట సరిగ్గా వినపడలేదు" అన్నాడు నీలాద్రి.

"వినపడింది" అంది తులసమ్మ.

సాయంత్రం అయింది. నీలాద్రి బయలుదేరాడు. రాయి దగ్గరికి కాదు. రాయి మీంచి ఎగరడం మొరటు పని, తనలాంటి అందగాడికి నడక అయితే బాగుంటుందనిపించింది. దారిలో అడవిపంది వరాలయ్య కనిపించాడు. వరాలయ్య ఎప్పుడూ బురదలో పడుకుని ఉండేవాడు. లేచి నిలబడితే బురదకి ఆకారం వచ్చినట్టుండేవాడు.

"ఎక్కడికి బావా?"

"వాకింగ్‌కి. ఒళ్ళు తగ్గాలి."

"నేనూ వస్తా. మా ఇంట్లోనూ ఇదే గోల."

ఇద్దరూ నడిచారు. నడుస్తూ ఏ ఏ తిండి మానెయ్యాలో మాట్లాడుకున్నారు. తిండి గురించి మాట్లాడేసరికి ఆకలేసింది. చూస్తే ఎదురుగా వేరుశనగ చేను. దారి అక్కడికి ఎలా వచ్చిందో ఇద్దరికీ అర్థం కాలేదు.

"చెమటలు పట్టేశాయి బావా! ఇంత కష్టపడ్డాక కాస్త తినకపోతే నీరసం వస్తుంది" అన్నాడు వరాలయ్య.

నెమలికి చెమట పట్టదు పిల్లలూ. పందికీ పెద్దగా పట్టదు. అయినా ఇద్దరూ నుదురు తుడుచుకుని చేనులోకి దిగారు.

మర్నాడు సాయంత్రం నీలాద్రి బుద్ధి తెచ్చుకున్నాడు. "చేను వైపు వద్దు, వాగు వైపు వెళ్దాం" అన్నాడు. వాగు వైపు తునికిచెట్లు ఉన్నాయి. చెట్ల నిండా మగ్గిన పళ్ళు ఉన్నాయి. "పళ్ళు తేలిక ఆహారం. వీటికి ఒళ్ళు రాదు" అన్నాడు వరాలయ్య. ఆ మాట నిజమో కాదో తేలాలంటే ఎక్కువ తిని చూడాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మూడోనాడు నీలాద్రికి కాళ్ళు లాగాయి. "అసలు వ్యాయామమంతా ఊపిరిలోనే ఉంది" అని కొత్త సంగతి కనిపెట్టాడు. బండరాయి మీద కళ్ళు మూసుకుని కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చాడు. వదిలాడు. పీల్చాడు. గురక పెట్టాడు.

ఇలాగే చాలా సాయంత్రాలు గడిచాయి. రోజూ రాయి మీంచి దేక్కుంటూ ఆ కింది కొమ్మెక్కడం, రాత్రంతా బిక్కుబిక్కుమంటూ గడపడం. ఒళ్ళు మాత్రం తగ్గలేదు.

ఒకరోజు పొద్దువాలే వేళ నీలాద్రి వాకింగ్ నుంచి వస్తున్నాడు. వరాలయ్య అప్పుడే ఇంటి దారి పట్టాడు. పొదల వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"తగ్గారు సుమండీ!"

నీలాద్రి ఆగిపోయాడు. ఆ మాట ఎవరూ అనలేదు ఇంతవరకూ. ఆ గొంతు చుక్కలయ్యదని తెలుసు. దూరం నుంచే మాట్లాడుతున్నాడు కదా అని నిలబడ్డాడు.

"నిజంగానా?"

"నడుం దగ్గర బాగా తెలుస్తోంది. రోజూ చూసేవాణ్ణి, నాకు తెలియదా?"

నీలాద్రి పొంగిపోయాడు. చెట్టు దగ్గరికి వచ్చి తులసమ్మతో చెప్పాడు.

తులసమ్మ కొమ్మ మీంచి కిందికి చూసింది. "ఇంతమందిమి రోజూ చూస్తున్నాం. మీరు తగ్గారన్నది ఒక్క చిరుతపులేనా? వాడెందుకు అన్నాడో ఆలోచించారా?"

"నీకు కుళ్ళు. పరాయివాడు మెచ్చుకున్నాడు, కట్టుకున్నదానికి మాత్రం నోరు రాదు."

తులసమ్మ ముఖం తిప్పుకుంది.

మర్నాడు సాయంత్రం నీలాద్రి వాకింగ్ కూడా మానేశాడు. తగ్గాక ఇంకెందుకు? పొదల దగ్గరికి తనే వెళ్ళి పచార్లు చేశాడు.

"ఆహా!" అంది పొద. "ఈ నడుంతో ఒక్కసారి ఆడితే చూడాలని ఉంది. మీకు ఇబ్బంది లేకపోతేనే."

అందగాడికి ఆడమంటే ఇబ్బందేమిటి? నీలాద్రి పింఛం విప్పాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. పింఛం విప్పిన నెమలికి వెనకేముందో కనిపించదు. చుక్కలయ్య పొదలోంచి మెల్లగా లేచి, వెనకవైపుకి వచ్చి, దూకాడు.

పింఛం నోటికి దొరికింది. నీలాద్రి కెవ్వుమని ఒక్క గుంజు గుంజాడు. పింఛం ఈకలన్నీ ఊడి చిరుత నోట్లోనే మిగిలిపోయాయి. నీలాద్రి రాయి వైపు పరుగెత్తాడు. పరుగెత్తడం అంటే పరుగెత్తడం కాదు, దొర్లడం. రాయి ఎక్కి ఎగరబోయాడు. రెక్కలు కొట్టుకున్నాయి, ఒళ్ళు లేవలేదు. చుక్కలయ్య ఈకలు ఉమ్మేసి మళ్ళీ వంగాడు.

అప్పుడు పైకొమ్మ మీంచి తులసమ్మ రాయిలా పడింది. సూటిగా వచ్చి చుక్కలయ్య కంటి పక్కన పొడిచింది. చుక్కలయ్య గర్జించి పంజా విసిరాడు. పంజా ఆమె రెక్కకి తగిలింది. తులసమ్మ గిర్రున తిరిగి, నేల తాకి, మళ్ళీ లేచింది. చుక్కలయ్య ఆమె వెంట తిరిగిన ఆ కాస్త వ్యవధిలో నీలాద్రి కింది కొమ్మని పట్టుకుని పైకి పాకాడు. తులసమ్మ కూడా వచ్చి అదే కొమ్మ మీద పడింది.

చుక్కలయ్య కింద నిలబడి నాలుకకి అంటుకున్న ఈకలు పంజాతో తీసుకున్నాడు.

"భోజనం కాస్త పీచుగా ఉంది" అన్నాడు. మర్యాదగానే వెళ్ళిపోయాడు.

తెల్లారాక అడవంతా చూడ్డానికి వచ్చింది. పింఛం పోయిన నీలాద్రి నిజంగానే చిన్నగా కనిపించాడు.

"అబ్బ! సగానికి సగం తగ్గావు బావా! ఏం చేశావు?" అని అడిగాడు వరాలయ్య.

నీలాద్రికి నోరు దురద పెట్టింది. "సాయంత్రం వ్యాయామం" అనబోయాడు. సగం అన్నాడు కూడా. పక్కనే తులసమ్మ రెక్క వేలాడేసుకుని కూర్చుని ఉంది. కన్నెత్తి చూడలేదు. ఈకల మధ్య ఎండిపోయిన నెత్తురు నల్లగా ఉంది.

"చిరుతపులి నా పింఛం పీకేసింది" అన్నాడు నీలాద్రి. "ఒళ్ళు అలాగే ఉంది. దీని బరువుకి దెబ్బ నా భార్య తింది."

కోతులు నవ్వాయి. వరాలయ్య నవ్వాడు. నీలాద్రి తల వంచుకున్నాడు గానీ మాట మార్చలేదు.

ఆ రెక్కతో తులసమ్మ పైకొమ్మకి ఎగరలేకపోయింది. ఇద్దరూ కింది కొమ్మ మీదే పడుకోవాలి. ఆ కొమ్మ ఇద్దర్నీ ఎన్నాళ్ళు మోస్తుందో తెలియదు. అందుకే ఆ సాయంత్రం పొద్దు బాగా ఉండగానే నీలాద్రి రాయెక్కాడు. పైకొమ్మల్లోని నెమళ్ళని పొదల వైపు ఓ కన్నేసి ఉంచమన్నాడు. ఎగిరాడు. పడ్డాడు. ఎగిరాడు. ముక్కు కొట్టుకుంది. రొప్పుకుంటూ కూర్చున్నాడు. పక్క చేనులోంచి వేరుశనగ వాసన వచ్చింది. నిజం చెప్పాలంటే, ఏడ్చాడు.

రెండు మూడు రోజులు పోయాక తులసమ్మ కూడా రాయి దగ్గరికి వచ్చింది. "రెక్క బిగుసుకుపోతోంది. నేనూ ఎగరాలి" అంది. ఇద్దరూ పక్కపక్కనే ఎగిరారు, పక్కపక్కనే పడ్డారు.

అంతటితో నీలాద్రి మారిపోయాడనుకోకండి. ఒక సాయంత్రం వరాలయ్య వచ్చి "ఒక్క రోజుకి ఏమవుతుంది బావా?" అంటే వెళ్ళిపోయాడు. కడుపు నిండా తిని వచ్చాడు. వచ్చేసరికి తులసమ్మ ఒక్కతే రాయి మీంచి ఎగురుతోంది. ఎగిరిన ప్రతిసారీ నొప్పికి కళ్ళు మూసుకుంటోంది. నీలాద్రి ముక్కుకి వేరుశనగ పొట్టు అంటుకుని ఉంది. ఆమె చూసింది. తిట్టలేదు.

తిట్టి ఉంటే బాగుండుననిపించింది నీలాద్రికి. తిట్లయితే అలవాటే. మర్నాటి నుంచి వరాలయ్య పిలిస్తే, "నువ్వెళ్ళు బావా, నాకు పనుంది" అనేవాడు. వరాలయ్య ఏమీ నొచ్చుకోలేదు. వెళ్ళి బురదలో పడుకున్నాడు.

ఎండలు ముదిరాయి. పొట్ట కింది పొట్ట పోయింది. తర్వాత పై పొట్ట కూడా మెల్లగా సర్దుకుంది. తులసమ్మ రెక్క గట్టిపడింది. కింది కొమ్మ నుంచి నడిమి కొమ్మకి మారారు. చుక్కలయ్య రోజూ సాయంత్రం వచ్చి చూసేవాడు. "చిక్కిపోతున్నారండీ, ఆరోగ్యం జాగ్రత్త" అనేవాడు బెంగగా. ఆ మాటకి తులసమ్మ పొట్టచెక్కలయ్యేలా నవ్వేది. దెబ్బ తగిలాక ఆమె నవ్వడం అదే మొదలు.

మొదటి వాన మబ్బు పట్టిన సాయంత్రం తులసమ్మ అంది, "పైకి వెళ్దామా?"

నీలాద్రి రాయి వైపు చూడలేదు. నేల మీంచే లేచాడు. రెక్కలు దబదబా కొట్టుకుంటూ కింది కొమ్మ దాటాడు, నడిమి కొమ్మ దాటాడు. పైకొమ్మ మీద దిగి తూలాడు. నిలదొక్కుకున్నాడు. తులసమ్మ వచ్చి పక్కన వాలింది. గాలి చల్లగా వీస్తోంది. కొమ్మ కిక్కురుమనలేదు.

"ఎలా ఉంది?" అంది తులసమ్మ.

నీలాద్రి తన పొట్ట వైపు చూసుకున్నాడు.

"ఆకలేస్తోంది" అన్నాడు.

"నాకూ" అంది తులసమ్మ.

ఇద్దరూ ఒకరికొకరు ఒదిగి పడుకున్నారు. హాయిగా తెల్లారేదాకా నిద్రపోయారు.

నీతి: సన్నబడ్డావని ఎవరైనా మెచ్చుకుంటే వాళ్ళ పళ్ళు ఒకసారి చూడండి, నిజంగా తగ్గారో లేదో కొమ్మెక్కి మీరే తేల్చుకోండి.