చంద్రుడి ముఖాన గుంటలు

ఒకానొక రాజ్యంలో గుంట అనే మాటకు చోటు లేదు. రాజు జయకేతనుడికి చిన్నతనంలో మశూచి పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. అందుకని కోటలో అద్దాలన్నీ తీయించేశారు. చక్రం దిగబడి ఇరుసు విరిగినా బండివాడు "దారి కాస్త వినయంగా ఉంది దొరా" అనాలే తప్ప ఆ మాట అనకూడదు. ఆస్థాన పండితుడు నిగమశాస్త్రి అయితే రోజూ "పూర్ణచంద్రముఖా!" అని పొగడనిదే పీట మీద కూర్చునేవాడు కాదు.

ఆ కొలువులోనే ముత్తన అనే చమత్కారి ఉండేవాడు. ఒకనాడు రేవులో దిగిన ఓడవాళ్ళ దగ్గర ఒక దుర్భిణి సంపాదించి, ఒక్క పరుగున సభకు తెచ్చాడు. అది దీపాలు పెట్టే వేళ. మండపం వాకిట్లో నిలబడితే నడినెత్తిన సగం చంద్రుడు. గొట్టానికి కన్ను ఆనించాడో లేదో, ఒళ్ళు మరిచి కేక వేశాడు.

"అబ్బబ్బ! గుంటలు! ఎన్నెన్ని గుంటలు ప్రభూ!"

సభంతా బిక్కచచ్చిపోయింది. ముత్తన నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

నిగమశాస్త్రి ఎగిరి లేచాడు. "మహాపరాధం! చంద్రుడు నున్నని వెండి పళ్ళెం ప్రభూ. లోపమంతా ఈ గాజుది. దేన్ని చూసినా గుంటలు పెట్టి చూపించే మాయగొట్టం ఇది. తమరిని ఎగతాళి చేయడానికే తెచ్చాడు!"

"గొట్టాన్ని పగలగొట్టండి. వీణ్ణి పొలిమేర దాటించండి" అన్నాడు రాజు.

ఊరు వదలడం సరే, తనివితీరా చూడకుండానే ఆ గాజు పగిలిపోతుందంటే ముత్తన ప్రాణం ఉసూరుమంది. గొట్టాన్ని పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు.

"వెళ్తాను ప్రభూ. శాస్త్రిగారి మాట ఒక్కటి తేల్చి పంపండి. ఈ గొట్టం దేనికైనా గుంటలు పెడుతుందన్నారు కదా! ఇదిగో, సింహాసనం వైపు తిప్పాను. తమ ముఖాన ఏం కనిపిస్తోందో ఆయన్నే చెప్పమనండి."

శాస్త్రి కన్ను ఆనించాడు. ముక్కు కొసన చెమట చుక్క వేలాడింది. ఉన్నాయంటే తల ఉండదు.

"ను... నున్నగా ఉంది ప్రభూ! ఒక్కటంటే ఒక్కటి లేదు!"

"విన్నారుగా! గొట్టం గుంటలు పెట్టదని శాస్త్రిగారే తేల్చేశారు. అంటే చంద్రుడి గుంటలు చంద్రుడివే!"

సభలో కిసుక్కుమని నవ్వులు వినిపించాయి. రాజు మాత్రం నవ్వలేదు. "అయితే ఇన్నాళ్ళూ చంద్రముఖుడని మమ్మల్ని వెక్కిరించినట్టేనా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. ముత్తనకు జాలేసింది.

"లేదు ప్రభూ! తెలియక పొగిడినా సరిగ్గానే పొగిడారు." ముత్తన శాస్త్రి ముందున్న విభూతి పళ్ళెం లాక్కుని, పైనుంచి ఒక వక్క జారవిడిచాడు. విభూతిలో గుంట పడి, చుట్టూ గట్టు లేచింది. "ఇప్పుడు పైకి చూడండి!"

రాజు దిగివచ్చి కన్ను ఆనించాడు. "అరె! గట్లు! వాటి నీడలు కూడానూ!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు.

"ఆకాశం నుంచి రాళ్ళు వచ్చి పడ్డాయి ప్రభూ. భూమికీ తగిలాయి. కానీ ఇక్కడ గాలీ వానా ఊడ్చి కళ్ళాపి చల్లుతూనే ఉంటాయి. భూమి కడుపులోని నిప్పు రాతిని కరిగించి పైకి పోసి కొత్తగా అలుకుతుంది. నిప్పుకొండల దీవుల్లో అది కళ్ళారా చూశారట ఓడవాళ్ళు. చంద్రుడూ ఒకప్పుడు అలా అలికినవాడే. ఆ నల్లమచ్చలు కుందేలు కాదు, పల్లాల్లో గడ్డకట్టిన రాయి. తర్వాత కడుపులో నిప్పు చల్లారింది. గాలి లేదు, వాన లేదు, ఊడ్చే దిక్కు లేదు. పడ్డ దెబ్బ పడ్డట్టే ఉంది. అన్ని దెబ్బలు తినీ అంత వెలుగుతున్నాడు! మశూచి ఎందరినో తీసుకుపోయింది, తమరు నిలబడ్డారు. ఇంకెవరిని చంద్రుడితో పోల్చాలి?"

రాజు మెల్లగా తన చెంప తడుముకున్నాడు. తర్వాత మండపం దద్దరిల్లేలా నవ్వాడు. "ఏం కావాలో కోరుకో ముత్తనా!"

"కోట గుమ్మం నుంచి సంత దాకా దారినిండా గుంటలున్నాయని చెప్పుకోవడానికి సెలవు ఇప్పించండి. చెప్పేవాడు లేకే పూడ్చేవాడు లేడు."

రాజు చేతి కడియం తీసి ముత్తనకు తొడిగాడు. "చంద్రుడి ఇంట్లో ఊడ్చేవాళ్ళు లేరు సరే, మా ఇంట్లో మేమున్నాం కదా!"

మర్నాడు తెల్లవారగానే మట్టిబండ్లు కదిలాయి. వాటికి ముందు, చేతికర్రతో చూపిస్తూ, రాజాజ్ఞ ప్రకారం ఊరంతా వినబడేలా "ఇదిగో గుంట! అదిగో గుంట!" అని కేకలేస్తూ నడిచినవాడు నిగమశాస్త్రి.