ఓబన్న పేరున పన్ను

రాజుగారు కోట గోడ ఎత్తు పెంచుకుంటున్న రోజులవి. ఆ గోడ కూలి, పనిలో ఉన్న ఓబన్న చనిపోయి మూడేళ్లయింది. పన్ను కోసం ఏటా రాసివ్వాల్సిన ఆదాయపత్రంలో ఈసారి అతని పేరు కొట్టేసి తెచ్చింది పెళ్లాం తిరపమ్మ.

పన్నుల అధికారి మండిపడ్డాడు. "చావు నెలలోగా రాయించాలి. గడువు దాటింది. మా లెక్కలో వాడింకా కోట పనిలో సంపాదిస్తూనే ఉన్నాడు. మూడేళ్ల పన్నూ కట్టు!"

"బతికించారు దొరా!" అంది తిరపమ్మ. "ఆ సంపాదన ఇంటికి రాలేదు. మూడేళ్ల కూలి ఇప్పించండి. అందులోంచే మీ పన్ను కట్టేస్తాను."

ఆ కూలి పన్నుకు ఇరవై రెట్లు. అధికారి ఓబన్న చావును మూడేళ్ల కిందటి తిథి వేసి రాసేశాడు.

ఊరంతా ఆమె తెలివిని మెచ్చుకుంది. చచ్చిన మొగుణ్ణి చచ్చాడనిపించుకోడానికి ఇంత తెలివి కావాలా అని తిరపమ్మ కరువుతీరా ఏడ్చింది.