గట్టులో మిగిలిన సందు

అనగా అనగా ఒక అడవి. అడవి పల్లంలో ఒక వాగు. ఆ వాగొడ్డున కపిల అనే ముంగిస, ఇంకా కళ్లు తెరవని తన పిల్లలతో ఒక బొరియలో ఉండేది.

ఏటా వానాకాలంలో వాగు పొంగి పల్లాన్ని ముంచేది. అందుకని అడవికి రాజైన మందరుడనే ఏనుగు, వాగు పొడవునా మట్టిగట్టు వేయమన్నాడు. ఎగువ పందులకు, నడుమ ఎలుగులకు, దిగువ ముళ్లపందులకు వంతులు వేశాడు. రోజూ పొద్దుగూకగానే ఆ మూడు గుంపుల పెద్దలూ వచ్చి పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. "బాగా సాగుతోంది ప్రభూ" అన్నవాడికి పనసతొన. "ఇంకా కాలేదు" అన్నవాడికి అందరి ముందూ చీవాట్లు. ఇక కాలేదనే మాట ఎవరి నోట వస్తుంది?

మబ్బులు పట్టేసరికి ముగ్గురూ "మా వంతు అయిపోయింది" అనేశారు. కపిల గట్టు వెంట పరుగెత్తి చూసింది. పందుల గట్టుకీ ఎలుగుల గట్టుకీ మధ్య, సరిగ్గా తన బొరియకు ఎదురుగా, ఒక సందు!

పందిని అడిగింది. "మా వంతు అయింది తల్లీ. ఆ సందు ఎలుగులది."

ఎలుగును అడిగింది. "మాదెప్పుడో అయింది. అది పందులది కాదూ?"

చివరికి రాజు కాళ్ల మీద పడింది. "మహారాజా, గట్టు ఇంకా కాలేదు, నడుమ సందు మిగిలిపోయింది. ఒక్కసారి దయచేయండి."

"ముగ్గురు పెద్దలు అయిందంటుంటే నీ ఒక్కదాని కంటికే సందు కనబడిందా?" అని రాజు విసుక్కున్నాడు. "సరే, రేపు చూస్తాలే. పో."

రాజు మాట కదా అని పాపం ఆ పిచ్చితల్లి నమ్మింది. పిల్లలను వేరేచోటికి మార్చలేదు. అయినా ఊరికే కూర్చోలేక, ముందుకాళ్లతో మట్టి తవ్వి సందులో పోస్తూనే ఉంది. ముంగిస తవ్విన మట్టి ఏ మూలకు?

మర్నాడు రాజు నిద్ర లేచేలోపే కుండపోతగా వాన. వాగు నేరుగా ఆ సందులోంచే దూకింది. కపిల ఒక్క పిల్లను నోట కరుచుకుని మెరక మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి బొరియ లేదు. అంతా నీళ్లే.

రాజు అప్పుడు వచ్చాడు. "ఎవరి వంతు ఇది?" అని ఘీంకరించాడు.

"మా వంతు అయింది ప్రభూ" అన్నారు ముగ్గురూ. అదీ నిజమే. నీళ్లు దూకిన చోటు ఎవరి వంతులోనూ లేదు.

కపిల తడిసిన పిల్లను నాకుతూ తలెత్తింది. "చూస్తానన్నారుగా మహారాజా, చూడండి" అంది. రాజు ఆ నీళ్లకేసి చూడలేక తల దించుకున్నాడు.

పిల్లలూ, నలుగురికి పని పంచినవాడు "అయింది" అన్న మాటతో తృప్తిపడకూడదు. "కాలేదు" అన్నవాడి వెంట ఆ పూటే నడిచి వెళ్లి కళ్లారా చూసుకోవాలి.