పరుపు విప్పిన రోజు

కుల్లాయప్ప తన కొత్త ఇంటి తాళంచెవులు తెచ్చి నాగూరప్ప తాత ముందు పెట్టాడు.

"ఈ ఇల్లు నాకొద్దు తాతా. నువ్వే తీసుకో. నలుగురు కూర్చోను పనికొస్తాది. నేనొచ్చి ఈడనే నీ కాళ్ళ దగ్గర పడుంటా."

నాగూరప్ప తాత దూది ఏకుతున్నాడు. దూది ఏకడమే ఆయన వృత్తి. పరుపులూ దిండ్లూ కుట్టి బతుకుతాడు. ఊళ్ళో పదిపన్నెండు మంది ఆయన్ను గురువని నమ్ముకుని గురువారం పొద్దు వాలేసరికి ఆయన కొట్టం ముందు చేరతారు. ఆయన ఉపన్యాసాలేమీ చెప్పడు. ఫాతెహా ప్రార్థన చదివి, ఒక తత్వం పాడి, అందరికీ బొరుగులూ పుట్నాలూ పంచుతాడు. అంతే.

తాత చేతిలో దూది ఏకే విల్లు ఆగింది.

"మాబున్నికి చెప్పి వచ్చినావా?"

కుల్లాయప్ప తలదించుకున్నాడు. భార్యకు చెప్పలేదు. చెప్పే ధైర్యం ఉంటే ఇక్కడికి వచ్చేవాడే కాదు.

అతను తాతకు పదకొండేళ్ళుగా శిష్యుడు. మొదట్లో ఇంకొకరి గనిలో నాపరాళ్ళు కొట్టే కూలి. ఊరి చివర బోదగడ్డి కప్పిన కొట్టంలో కాపురం. వాన పడితే లోపలా బయటా ఒకటే. తాత దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని కోరిక ఒక్కటే: "కారని కప్పు ఒకటి, ఒకరి దయ లేకుండా రెండు పూటలా కూడు. ఈ రెండుంటే చాలు తాతా, నా మనసు చల్లగుంటాది."

ఆశ తప్పని తాత ఏనాడూ అనలేదు. కారే కొట్టంలో సంసారం చేసేవాడికి ఆ మాట చెప్పడం ఆయనకు చేతకాదు. "అల్లా ఇయ్యనీ" అనేవాడు. అని, కుల్లాయప్ప దోసిట్లో బొరుగులు ఇంకాస్త పోసేవాడు.

ఎందుకూ పనికిరాదని అతని తండ్రి వదిలేసిన చేని కింద మూడేళ్ళ కిందట మంచి రాయి బయటపడింది. గని పెట్టారు. ఒకప్పుడు తన చేతులతో రాళ్ళు కొట్టిన కుల్లాయప్ప ఇప్పుడు గొడుగు కింద నిలబడి కూలీలతో కొట్టిస్తున్నాడు. ఇల్లు కట్టాడు. ఇంట్లో చేరిన రోజు నున్నటి బండల మీద వట్టి కాళ్ళతో గది గదీ తిరిగి, ఆ చల్లదనానికి ఒళ్ళు మరిచిపోయాడు. నాలుగు నెలలు గడిచేసరికి కాళ్ళ కింద బండలున్నాయన్న సంగతే గుర్తులేదు. మిద్దె మీద ఇంకో గది వేస్తే బాగుంటుందనిపించింది. వేశాడు. మోటారుసైకిలు కొన్నాడు. ప్రతిసారీ ఆ సంబరం గుమ్మానికి కట్టిన మామిడాకులు వాడేదాకా ఉండి, వాటితోపాటే వాడిపోయింది.

అప్పుడు అతనికి భయం పట్టుకుంది. లేని రోజుల్లో దిగులుకు ఒక కారణం ఉండేది. ఇప్పుడు ఆ కారణం పోయింది, దిగులు మాత్రం ఇల్లు మారి వచ్చి కొత్త గదుల్లో కూర్చుంది. ఎవరితో చెప్పుకుంటాడు? తిన్నది అరక్క మాట్లాడుతున్నాడంటారు. ఆ మంటంతా మాబున్ని మీద చూపించాడు. కూరలో ఉప్పు మీద, పిల్ల ఏడుపు మీద, తలుపు చప్పుడు మీద అరిచాడు. ఆమె క్రమంగా మాటలు తగ్గించేసింది.

"నాలోనే ఏదో చెడిపోయింది తాతా. లేనప్పుడూ ఏడిస్తి, ఉన్నప్పుడూ ఏడుస్తాండా. అన్నీ ఇడిసిపెడితేనన్నా బాగుపడతానేమో," అన్నాడు.

తాత విల్లు పక్కన పెట్టాడు.

"నిద్ర పడతాందా?"

"యాడ తాతా. ఆ పరుపు మీద పడుకుంటే బండ మీద పడుకున్నట్టే ఉంటాది."

"ఏ పరుపు? నేను కుట్టింది కాదు గదా?"

"నువ్వు కుట్టిందే."

తాత లేచి విల్లు భుజాన వేసుకున్నాడు. దబ్బనం, దారం సంచిలో పడేశాడు.

"పద, చూద్దాం."

కుల్లాయప్పకు ప్రాణం ఉసూరుమంది. తను బతుకు గురించి అడిగితే ఈయన పరుపు గురించి ఆలోచిస్తున్నాడు. తాళంచెవులు అక్కడే వదిలి కదలబోయాడు.

"అవి తీసుకోరా," అన్నాడు తాత. "మాబున్ని ఇంట్లో లేకుంటే వాకిట్లో నిలబడాల మనం."

మాబున్ని ఇంట్లోనే ఉంది. తాతనూ, ఆయన వెనక వేలాడేసిన మొగుడి ముఖాన్నీ చూసి కంగారుపడింది.

"ఏమైంది తాతా?"

"ఏం లేదమ్మీ. పరుపు గట్టిపడిందంట. బయటికి తెండి."

ఇద్దరూ చెరో కొస పట్టుకుని పరుపును వాకిట్లోకి తెచ్చారు. తాత కుట్లు కత్తిరించి లోపలి దూదిని చాప మీద కుమ్మరించాడు. దూది అట్టలు కట్టి ఉంది. కుల్లాయప్ప ఒక ముక్క చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు.

"చెడిపోయినట్టుంది తాతా. పారేసి కొత్త దూది పోద్దామా?"

"దూదికేం? మేలైన దూది. నేనే తెచ్చి పోసినా." తాత ఆ ముక్క తీసుకుని మెల్లగా రెండుగా విడదీశాడు. లోపల తెల్లగా మెరిసింది. "ఇద్దరూ కూర్చుని ఇట్లా విప్పండి. బలంగా గుంజొద్దు, పోగు తెగుతాది. మీరు విప్పిందాన్ని నేను ఏకుతా."

వాళ్ళిద్దరూ చాపకు అటూ ఇటూ కూర్చున్నారు. తాత కాస్త దూరంగా విల్లు మీటుతున్నాడు. కుల్లాయప్ప మొదట్లో విసురుగా లాగాడు. తెగిన పోగులు చూసి చేయి నెమ్మది చేసుకున్నాడు. అలా ఎదురెదురుగా కూర్చుని ఒక పని చేసి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

తల ఎత్తకుండానే మాబున్ని అంది, "మొన్న మధ్యాన్నం పెద్ద వాన పడె."

"ఊఁ."

"పిల్లను పక్కనేసుకుని కునుకు తీస్తాంటి. చప్పుడుకు లేస్తిమి. పిల్ల అడిగింది, అమ్మా గిన్నెలు పెట్టవా అని. నేనూ అలవాటు కొద్దీ గిన్నెలు తెచ్చి ఇల్లంతా తిరిగితిని. యాడ పెట్టాల? ఒక్క చుక్క కారితే గదా." ఆమె చేతిలోని దూదిని విప్పుతూనే ఉంది. "గిన్నెలు పట్టుకుని నడింట్లో నిలబడి ఏడ్చేస్తి."

"ఏడ్చేదెందుకు?"

"సంతోషమైతే ఏడుపు రాదా? నువ్వు వస్తానే చెప్పాలనుకుంటి. నువ్వేమో మేడమీద గదికి సున్నం సరిగ్గా పడలేదని మేస్త్రీని తిట్టుకుంటా వస్తివి. ఇంకేం చెప్పేది?"

కుల్లాయప్ప చేతులు ఆగిపోయాయి.

ఆ వాన అతనికీ గుర్తుంది. గనిలో నీళ్ళు నిలిచాయని దారి పొడుగునా దాన్ని, ఇల్లు చేరేసరికి మేస్త్రీని తిట్టుకుంటూ వచ్చాడు. ఇల్లు కారలేదన్న ఆలోచనే అతనికి రాలేదు. ఏళ్ళ తరబడి ఆ తాత ముందు చేయి చాచి అడిగింది ఆ కారని కప్పునే.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పాల?"

"అదే. పిల్ల ఏమనింది?"

మాబున్ని అతని వంక చూసింది. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. మీసాల నిండా, కనుబొమ్మల నిండా దూది అంటుకుని ఉంది. ఆమె ఆపుకోలేక ఫక్కున నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి పిల్ల గొంతు కూడా అనుకరించింది. అవతల తాత విల్లు మీటడం ఆపలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకల్లా చాప మీద దూది మోకాలెత్తు పొంగింది. తాత దాన్ని గుడ్డలో కూరి, సమంగా సర్ది, కుట్లు వేశాడు. మాబున్ని ఇచ్చిన టీ తాగి, పనిముట్లు సర్దుకున్నాడు.

కుల్లాయప్ప ఆయన వెంట వీధిలోకి వచ్చాడు.

"తాతా, నేను పొద్దున అడిగిందానికి నువ్వేం చెప్పలేదు."

"ఇల్లు కారలేదంట గదా?"

"లేదు."

"దాని పని అది చేస్తాంది. ఇంకేం చేయమంటావు దాన్ని?"

కుల్లాయప్ప నాలుగడుగులు నడిచాక ఆగి, పొద్దున్నుంచీ లేని సిగ్గుతో అడిగాడు.

"ఈ మెత్తన ఎన్నాళ్ళుంటాది తాతా?"

"పడుకుంటే అణగదా మరి?" తాత నవ్వాడు. "అణిగినప్పుడు మళ్ళీ విప్పుకోండి. పని ఇద్దరూ నేర్చుకుంటిరి గదా. విల్లు కావాలంటే వచ్చి తీసుకపో."