ఇసుకేస్తే రాలిన నాటకశాల

గుమ్మలపాడు ఆటగాళ్ళకి తమ తెలివంటే మహా మురిపెం. "మన బుర్రలు తేనెపట్లే, కింద పెడితే చీమలు పట్టేస్తాయి" అనేవాడు పెద్దవాడు గవర్రాజు. చీమల భయానికి పెళ్ళాం సూరాలమ్మ అతని నెత్తికి రోజూ పసుపు పూసేది. తమ్ముడు పోలయ్యకి కూడా కాస్త రాసేది.

ముగ్గురూ సత్రం వాకిట్లో నాటకాలాడేవాళ్ళు. ఓనాడు సత్రం ఆయన "బళ్ళు నిలిపే చోటు లేదు, పొండి" అన్నాడు. ఇంకేముంది, వెళ్ళి కామందు రాగమ్మగారి కాళ్ళ మీద పడ్డారు.

"నాటకాలకనే ఓ ఇల్లు కట్టుకోండర్రా, నా మెట్టచేనిస్తా" అన్నారావిడ. "మొదటి ఆటకి జనం విరగబడాలి. ఇసుకేస్తే రాలకూడదు. అలాగైతే చోటు మీదే. లేదా, ఊరొదలాలి."

ఆటకి ఇల్లేమిటమ్మా, అది అన్నం తింటుందా, నిద్రపోతుందా అని ఊరంతా వింతపడింది. అయినా గుంజలు పాతి, తడికలు కట్టి, బల్లలు వేశారు.

"వదినా, బల్లలు గట్టిగా ఉన్నాయే, జనం ఎలా విరగబడతారు?" అన్నాడు పోలయ్య.

"రంపం పట్రా!" అంది సూరాలమ్మ. బల్లల కాళ్ళు సగం సగం కోసేశారు.

రాగమ్మగారితో సహా జనం వచ్చి కూర్చున్నారు. అంతే! పటపటా విరిగి, ఒకరి మీద ఒకరు పడ్డారు.

"విరగబడ్డారు!" అని గంతేసి, గవర్రాజు గుంజెక్కి జనం మీద గంపెడు ఇసుక కుమ్మరించాడు.

"అయ్యో, రాలిందన్నా!"

"అంతా రాల్లేదురా, సగం అమ్మగారి కొప్పులో నిలిచింది!"

రాగమ్మగారు కొప్పు దులుపుకుంటూ, "నా చోటు ఖాళీ చెయ్యండ్రా!" అని అరిచారు.

గుంజా తడికా పీకేశారు. "ఇంకా మట్టుందిగా, ఖాళీ ఎలా అయినట్టు?" అంది సూరాలమ్మ. అంతే, తవ్వడం మొదలు. తవ్వింది చుట్టూ పోశారు. మధ్యన గుంట, చుట్టూ గట్టు. ఊళ్ళోవాళ్ళు గట్టెక్కి కూర్చుని, కింద ఈ ముగ్గురూ తిట్టుకుంటుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఎక్కడ కూర్చున్నా ఎంత బాగా కనబడుతోందో! రాగమ్మగారికీ నవ్వొచ్చేసింది.

"నాటకశాలంటే ఇదేరా! మీకే ఇచ్చేశా. రేపిక్కడే ఆట. ఇక కదలకండి."

మర్నాడు గట్టు నిండా జనం. గుంటలో రాజు వేషంలో గవర్రాజు, రాణి సూరాలమ్మ, రాక్షసుడు పోలయ్య, రాటల్లా నిలబడ్డారు. రాజు ముక్కు మీద ఈగ వాలింది. తోలలేదు.

"ఆడరేమర్రా?" అన్నారు రాగమ్మగారు.

"మీరేగా కదలొద్దన్నారు" అన్నాడు గవర్రాజు, పళ్ళ మధ్యనుంచి.

"పెదాలు కదిలాయి!" అని కేకేసింది సూరాలమ్మ.

"నీ నోరూ కదిలింది వదినా!"

"నీదో మరి?"

ముగ్గురూ బావురుమన్నారు. "చోటు పోయింది బాబోయ్!" అని గట్టెక్కి పరుగు. "ఆగండర్రా, మీదేరా!" అంటూ రాగమ్మగారు వెంటపడ్డారు.

సూరాలమ్మ కిరీటం పట్టుకుని వెనక్కి చూసింది. "చూశావా, ఎంత మాట మీద నిలబడే మనిషో! ఊరొదిలించడానికి తనే స్వయంగా వస్తున్నారు. ఇంకా గట్టిగా పరిగెత్తు!"