ఉంచిన గంటలు

భుజంగరావు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా సందేహం అడిగితే కూర్చోబెట్టి చెప్పరు. చెప్పులేసుకుని, "నడువు, నాకు పనుంది" అంటారు. అడిగినవాడు ఆయన వెంట పిండిమరకో, పోస్టాఫీసుకో పోవలసిందే. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి, గదిలో చెప్పిందేదీ ఎవరికీ ఎక్కలేదని రిటైరయ్యాక తేల్చుకున్నారట.

ఆయన శిష్యుల్లో గవర్రాజు ఒకడు. నలభై ఏడేళ్ళవాణ్ణి శిష్యుడనడానికి కొంచెం మొహమాటమే గానీ, వేరే మాట లేదు. అతని ఇంగ్లీషు సొంత సేద్యం. నిఘంటువు ముందేసుకుని ఎ దగ్గర మొదలెట్టి ఎమ్ దాకా వచ్చేసరికి పెళ్ళయింది. ఆ తర్వాతి అక్షరాల మాటలు ఎవరైనా వాడితే నవ్వి తప్పుకుంటాడు. అలా నవ్వి తప్పుకోవడంలో తనంతటివాడు జిల్లాలో లేడని తనే చెబుతాడు. ఊళ్ళో ట్రస్టువాళ్ళు నడిపే పఠన మందిరంలో అతను గుమస్తా.

ఆ మందిరం ఉదయం తొమ్మిదికి తెరిస్తే రాత్రి ఎనిమిదికి మూస్తారు. ఇద్దరు మనుషులు వంతులు వేసుకుని చూసేవారు. రెండో మనిషి రిటైరయ్యాడు, బదులు ఎవరూ రాలేదు. అధ్యక్షులు విస్సంరాజు గారు గవర్రాజుని పిలిచారు.

"ఒక్కడివి పదకొండు గంటలు ఏం కూర్చుంటావు గానీ, రోజుకి ఏడు గంటలు చాలు. తొమ్మిది నుంచి నాలుగు. నోటీసు రాసి పెట్టు. జనం గోల పెట్టకుండా ఇంగ్లీషులో ఏదైనా మెత్తటి మాట చూడు."

నోటీసులో పైన ఇంగ్లీషు, కింద తెలుగు ఉండడం అక్కడి ఆచారం. ఆ ఇంగ్లీషు ఎవరూ చదవరు. అది లేకపోతే మాత్రం కింది తెలుగుని ఎవరూ నమ్మరు.

ఆ సాయంత్రమే గవర్రాజు నిఘంటువు తెరిచి మాటలవేటలో పడ్డాడు. ఎదురుబల్ల దగ్గర నూకరత్నం కూర్చుని ఉంది. పొద్దుటినుంచి ఐదింటిదాకా రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, ఐదున్నరకి ఇక్కడికొచ్చి కానిస్టేబులు పరీక్షకి చదువుకుంటుంది. పరీక్ష రెండు నెలల్లో ఉంది. ఆ పుస్తకాలు ఇంటికి ఇవ్వరు, కొనుక్కునే తాహతు ఆమెకి లేదు.

"ఏటండీ అంత దీక్షగా రాస్తన్నారు?" అందామె.

"నోటీసమ్మా. దానికి మంచి మాట కావాలి. దొరక్క చస్తున్నా."

"దొరుకుద్దిలెండి. మీకు దొరక్కపోతే ఇంకెవరికి దొరుకుద్ది?"

గవర్రాజు ఆ మెచ్చుకోలుకి పొంగిపోయి మరో పేజీ తిప్పాడు.

మర్నాడు ఆదివారం. కాగితం పట్టుకుని మాస్టారి గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టారూ, తగ్గించడానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకండీ? అబ్రిడ్జ్ అంటే పుస్తకాలకి. క్లిప్ అంటే గోళ్ళకీ, పక్షి రెక్కలకీ. డాక్ అంటే గుర్రపుతోకలకీ, జీతాలకీ. లాప్ చెట్టుకొమ్మలకి. కర్టెయిల్ ఉపన్యాసాలకీ, ప్రయాణాలకీ, అనుకున్నదానికంటే ముందే ముగిస్తే. నాకు మటుకు ఈ కర్టెయిలే నచ్చిందండి. కర్టెన్ వేసినట్టు మెత్తగా ఉంది."

మాస్టారు అతని కాగితం చూడలేదు, తలకేసి చూశారు.

"క్షవరం చేయించుకుని ఎన్నాళ్ళయింది?"

"నాకు క్షవరమేమిటండీ. ఉన్నవి నాలుగు పోగులు. ఎడమచెవి మీంచి కుడిచెవి దాకా దువ్వి పరువు కాపాడుకుంటున్నాను."

"నడువు, నాకు పనుంది."

బస్టాండు పక్కన సింహాద్రి సెలూన్లో మాస్టారు పేపరు పట్టుకుని బల్ల మీద కూర్చున్నారు, గవర్రాజుని కుర్చీలోకి తోశారు. సింహాద్రి గుడ్డ కప్పి, మెడ దగ్గర ముడేసి, కత్తెర రెండుసార్లు గాలిలో ఆడించాడు.

"ఎంత ఉంచమంటారు?"

"ఉంచడమేమిటయ్యా? ఎంత తియ్యాలో అడగాలి గానీ."

"తీసింది చీపురుతో ఊడ్చి గోనెలో పోసేస్తానండి. దాంతో మీకూ నాకూ ఏం పని? ఉంచింది కదండీ మీతో ఇంటికొచ్చేది. అమ్మగారు గుమ్మంలో చూసేది దాన్నే." సింహాద్రి కాసేపు అతని తల పరిశీలించి, "మీ కేసులో మరీ జాగ్రత్తగా అడగాలండి. పొరపాటైతే దిద్దుకోడానికి సరుకు లేదు" అన్నాడు.

పేపరు వెనక మాస్టారు చిన్నగా దగ్గారు.

"గవర్రాజూ, నీ నోటీసులో ఏం ఉంచుతున్నావు?"

"తొమ్మిది నుంచి నాలుగండి."

"గంటలు సరే. ఎవర్ని?"

తల కదిపితే చెవి పోతుందని సింహాద్రి ముందే హెచ్చరించాడు. అందుచేత గవర్రాజు కదలకుండా, తప్పించుకునే దారి లేక, ఆలోచించాడు. తొమ్మిది నుంచి నాలుగు మధ్య వచ్చేదెవరు? పెన్షనర్లు అయిదుగురు. ముగ్గురు పేపరు చదువుతారు, ఇద్దరు ఫ్యాను కింద నిద్రపోతారు. ఐదు దాటాక వచ్చేది నూకరత్నం, ఇద్దరు ఆటోడ్రైవర్లు, కొట్టు కట్టేసి పరుగున వచ్చే బట్టలకొట్టు గుమస్తా. నిన్న సాయంత్రమంతా అన్ని మాటలు వెతికాడు గానీ, వీళ్ళలో ఒక్కరి మొహమూ ఏ పేజీలోనూ కనబడలేదు. నిఘంటువుకి అవతల మూడడుగుల దూరంలోనే ఉంది ఆ పిల్ల.

అన్నిటికన్నా చేదు సంగతి ఎదురుగా అద్దంలోనే ఉంది. నాలుగింటికి తలుపు మూస్తే లాభపడే మనిషి ఒకడున్నాడు. వాడికి నాటక సమాజంలో మంత్రి వేషం. నాటకం మొత్తం మీద 'చిత్తం ప్రభూ' అని మూడుసార్లు అనాలి. ఆ మూడింటికీ ఆర్నెల్లుగా సాయంత్రాలు రిహార్సలు. తొమ్మిది నుంచి నాలుగు అని విస్సంరాజు గారు అనగానే వాడు మారుమాట్లాడకుండా తల ఊపాడు. రిహార్సలు లేకుండానే.

"అయిందండి" అన్నాడు సింహాద్రి.

గవర్రాజు లేచి, తనకి మిగిలింది ఒకసారి తడుముకుని బయటికి నడిచాడు.

సోమవారం విస్సంరాజు గారి దగ్గరికి కొత్త కాగితం తీసుకెళ్ళాడు. పైన ఇంగ్లీషులోనూ కింద తెలుగులోనూ ఒక్కటే వాక్యం. పఠన మందిరం రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది వరకు తెరిచి ఉంటుంది.

"ఏడు గంటలేనండి. నేను రెండో చివర పట్టుకున్నాను, అంతే."

"మరి పొద్దున వచ్చే పెద్దలో?"

"ఒంటిగంటకి కూడా పేపర్లో అవే వార్తలుంటాయండి."

"నీ సాయంత్రాలు పోతాయి కదయ్యా. వేషం ఏం చేస్తావు?"

"పోతే పోనివ్వండి. ఆ మూడు మాటలూ పోస్టుమాన్ చలమయ్య నాకంటే బాగా అంటాడు."

విస్సంరాజు గారు కాగితం అటూ ఇటూ తిప్పి, మెత్తటి మాట ఎక్కడా కనబడక, గోల పెట్టదగిన మాట కూడా కనబడక, సంతకం పెట్టారు.

పది రోజుల తర్వాత గవర్రాజు మాస్టారింటికి వచ్చాడు. మొహం అంత బాగాలేదు.

"పెద్దలు నాలుగు రోజులు సణిగారండి. ఇప్పుడు ఇంట్లో పోవలసిన మధ్యాహ్నపు నిద్ర మా దగ్గరికొచ్చి పోతున్నారు. అక్కడితో గొడవ తీరింది."

"మరి ఆ అమ్మాయి?"

"అదేనండి. మొదటిరోజు బోర్డు పక్కనే నిలబడ్డాను, ఏదో అంటుందని. ఐదున్నరకి వచ్చింది. బోర్డు కేసి తలెత్తయినా చూడలేదు. ఎప్పటి కుర్చీలో కూర్చుని, నిన్నటి పేజీ తీసి చదువుకుంటోంది. నేను వేషం వదులుకున్నాను, పెద్దలచేత మాటలు పడ్డాను. నాలుగు గంటలు పోయాయన్న సంగతే ఆ పిల్లకి ఇవాళ్టికీ తెలీదండి."

మాస్టారు అతని తలకేసి చూశారు.

"అయితే నీకు కత్తిరించడం వచ్చింది" అన్నారు.