గరుడవరం రాజావారి గేరుపెట్టె

"మా కారు ఎందుకు ఏడుస్తోందో సాయంత్రంలోగా ఎవరో ఒకరు చెప్పాలి. లేదంటే రేపటినుంచి దాన్ని మీ అందరిచేతా తోయిస్తాం!" అన్నారు గరుడవరం రాజావారు జగదేవరాయలు, కొలువులో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే.

కొలువంతా తలలు దించుకుంది.

ఆ కారు సీమనుంచి ఓడలో దిగింది. ఏనుగంత ఉంటుంది, అద్దంలా మెరుస్తుంది. కానీ గేరు మార్చేటప్పుడు వీధి వీధంతా ఉలిక్కిపడేలా కర్ర్‌మని అరుస్తుంది. గేరుపెట్టెలో పళ్లచక్రాలు అరిగిపోతే సీమనుంచి తెప్పించి మార్చారు. అవీ అరిగాయి. మళ్లీ మార్చారు. ఇప్పుడవీ అరుపు అందుకున్నాయి.

మోటారు శాఖ అధికారి భుజంగరావు లేచాడు. మద్రాసులో మోటార్ల చదువు చదివొచ్చానని రోజుకోసారైనా గుర్తుచేస్తాడు.

"ప్రభూ, లోపం కారులో లేదు. డ్రైవరు దస్తగిరిది మోటు చెయ్యి. ఎద్దుల పగ్గం లాగినట్టు గేరు లాగుతాడు. వాడు అరగదీసిన పళ్లే తమరు నడిపినా అరుస్తున్నాయి. వాణ్ణి పంపించేస్తే కారు బాగుపడుతుంది."

గుమ్మం దగ్గర నిలబడ్డ దస్తగిరి మొహం పాలిపోయింది. నలుగురు పిల్లల తండ్రి. ఏదో చెప్పబోయి, రాజావారి వైపు చూసి, వంగి దణ్ణం పెట్టాడు.

అది చూసి పేరిశాస్త్రి మనసు చివుక్కుమంది. ఆస్థానంలో శాస్త్రి ఉద్యోగం రాజావారిని నవ్వించడం. కారు వెనకసీట్లో సగం తన పొట్టకీ, తక్కిన సగం తనకీ అని తానే చెప్పుకుంటాడు. అలా కూర్చుని తిరిగినవాడు కనక అసలు సంగతి అతనికి తెలుసు. దస్తగిరి నడిపితే కారు పిల్లిలా పోతుంది. రాజావారు స్వయంగా నడిపితేనే అరుస్తుంది. దస్తగిరి నడిపేటప్పుడు రాజావారు వెనక హాయిగా నిద్రపోతారు కాబట్టి, తేడా ఆయనకు తెలిసే అవకాశం లేదు.

తక్కినవాళ్లకీ తెలుసు. చెప్పేదెవరు? తన మెడంటే శాస్త్రికి కూడా మహా మమకారం. ఇంతకాలం అందుకే ఊరుకున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే నవ్వూ, సిగ్గూ కలిసి వచ్చాయి.

"ప్రభూ," అంటూ లేచాడు. "ఆ రోగం నేను కనిపెడతాను. కానీ కారు నన్ను నడపనివ్వాలి."

భుజంగరావు పకపకా నవ్వాడు. "శాస్త్రిగారూ, మీకు గొడుగు తెరవడమే చేతకాదే!"

"మూయడం కూడా చేతకాదండి. కాస్త దయుంచండి," అన్నాడు శాస్త్రి.

రాజావారికి సరదా పుట్టింది. కొలువంతా కోట వాకిట్లోకి కదిలింది. దస్తగిరి ఇంజను ఆన్ చేసి పక్కకు తప్పుకున్నాడు. శాస్త్రి పంచె ఎగ్గట్టి, పొట్ట లోపలికి లాక్కుని, స్టీరింగు చక్రం వెనక ఇరుక్కున్నాడు.

ఆ తర్వాత వెనక్కి జారబడ్డాడు. గడ్డం పైకెత్తాడు. వీధిలో జనం దణ్ణాలు పెడుతున్నట్టు ఒక చెయ్యి ఊపాడు. అంత వెనక్కి వాలేసరికి ఎడమకాలు క్లచ్‌కి సగమే అందింది. ఆ సగమే తొక్కి, గేరు లాగాడు.

కర్ర్ర్ర్!

పావురాలు గుంపుగా లేచిపోయాయి. రాజావారు చెవులు మూసుకున్నారు.

"ఓరి నీ మొహం మండా! ముందుకు జరిగి కూర్చోవయ్యా! క్లచ్ నేలకంటా తొక్కాలి. సగం తొక్కితే లోపల చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, పళ్లూ పళ్లూ కొరుక్కుంటాయి!"

"మందబుద్ధిని ప్రభూ. మళ్లీ చూస్తాను."

మళ్లీ వాలాడు. మళ్లీ చెయ్యి ఊపాడు. మళ్లీ కర్ర్ర్ర్!

"దిగు! దిగు ముందు!"

రాజావారు శాస్త్రిని చెయ్యి పట్టి కిందికి లాగి, తామే ఎక్కారు. నేర్పించాలన్న పట్టుదలలో సీటు అంచుకు జరిగారు, కిందికి వంగారు, క్లచ్ నేలకంటా తొక్కారు. గేరు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. చడీ చప్పుడూ లేదు. కారు మెత్తగా ముందుకు కదిలింది.

"చూశావా! ఇలా..." అంటూ రాజావారు ఆగిపోయారు. కారూ ఆగింది.

రాజావారు తమ కాలి వైపు చూసుకున్నారు. తర్వాత శాస్త్రి వైపు చూశారు.

"శాస్త్రీ, నువ్విందాక కూర్చున్నావే, అలా కూర్చునేదెవరయ్యా?"

శాస్త్రి ఒకడుగు వెనక్కి వేశాడు. చేతులు జోడించాడు.

"ప్రభూ, సింహాసనం మీద అలాగే కూర్చోవాలి. కానీ ఈ కారుకి తాను సింహాసనాన్ని కాదని తెలిసిపోయింది."

రాజావారి మీసం ఒక్కసారి అదిరింది. ఆ తర్వాత చక్రం మీద తల ఆనించి పగలబడి నవ్వారు.

"ఇన్నాళ్లూ ఊరు ఊరంతా నన్ను చూసి మురిసిపోతోందనుకున్నానయ్యా! చెవులు మూసుకుందుకు చేతులెత్తినా దణ్ణాలే అనుకున్నాను!"

దాంతో వాకిలంతా ఘొల్లుమంది. దస్తగిరి మాత్రం నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

రాజావారు భుజంగరావు వైపు తిరిగారు. "మా పక్కన ఎన్నోసార్లు కూర్చున్నారు కదా. తెలిసి చెప్పలేదా, తెలియక చెప్పలేదా?"

తెలుసంటే ద్రోహం. తెలియదంటే మద్రాసు చదువు గంగలో కలుస్తుంది. భుజంగరావు వంగి కారు టైరు పరీక్షించసాగాడు.

"సరే, ఇక గేరుపెట్టె విప్పి, చక్రాలు కడిగి, కొత్త నూనె పొయ్యడం మీ చేతుల మీదుగానే జరగాలి. దస్తగిరి ఎక్కడికీ పోడు, రేపటినుంచి మాకు పాఠాలు చెబుతాడు."

తమ చేతి కంకణం తీసి శాస్త్రి చేతికి తొడిగారు. "ఇది నీ తెలివికి. నీ ధైర్యానికి ఇంకేదైనా కోరుకో."

"ధైర్యం ఎక్కడిది ప్రభూ, ఇంకా మెడ తడుముకుంటూనే ఉన్నాను. ఒక్క వరం ఇప్పించండి."

"ఏమిటది?"

"తమరు పాఠాలు నేర్చుకునేన్నాళ్లు నన్ను కారెక్కించకండి!"